కావాలని ఓడిపోయిన ఆదివారం

మా ఆయనకి పేకాట పిచ్చి అని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి అడిగితే "ఏదో ఫోన్లో గేమ్ ఆడతారులే" అనేదాన్ని. పాయా లేబర్ స్టేషన్‌లో రైలెక్కింది మొదలు దిగేదాకా, ఇంటికొచ్చాక కంచం ముందు కూడా, ఆ పోకర్ సైటు ఆయన చేతిలో తెరుచుకునే ఉండేది. గెలిచిన డబ్బు అడిగిన మర్నాటికల్లా బ్యాంకులో పడేది. మా కొంప ముంచింది అదే. మొదట్లోనే ఒకసారి ఏడిపించి ఉంటే మా దారిన మేం పోయేవాళ్ళం కదా!

ఈయన చూపించిన దారిలో నడిచినవాళ్ళు ఇంకొందరున్నారు, అంతా ఒకే ఆఫీసువాళ్ళు, తెలుగువాళ్ళు. వాళ్ళలో ఊరికి ఆ చివర జురాంగ్ వెస్ట్‌లో ఉండే అతను మాకు బాగా దగ్గర. మా జిల్లావాడే. ఈయన్ని "అన్నా" అంటాడు, అతని భార్య నన్ను "అక్కా" అంటుంది. ఆ అమ్మాయికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఈ దేశంలో వర్క్ పాస్ మీద బతికే మాలాంటివాళ్ళకి కాన్పంటే మాటలు కాదు, ఆస్పత్రిలో చేర్చుకునే ముందే పెద్ద మొత్తం డిపాజిట్ కట్టాలి. దానికోసం కూడబెట్టినదంతా అతను ఆ సైటులోనే ఉంచాడు. బ్యాంకులో ఉంటే ఖర్చయిపోతుందట! ఆ తెలివికి దణ్ణం పెట్టాలి.

తర్వాత డబ్బు రావడం ఆలస్యమైంది. మొదట బ్యాంకు సెలవులన్నారు. ఆ తర్వాత సాంకేతిక సమస్య. చాట్‌లో జవాబిచ్చేవాడెవడో ప్రతిసారీ "మీ ఓపికకు ధన్యవాదాలు" అనేవాడు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. మాకు ఓపిక ఉందని వాడికెవడు చెప్పాడు? ఆడుకోవడానికి మాత్రం సైటు చక్కగా పనిచేసేది. కావలసినంత ఆడుకోవచ్చు, డబ్బు బయటికి తియ్యడానికే లేదు.

అంతలో పెద్ద ఖాతాలవాళ్ళకి ముందు చెల్లిస్తున్నారని వీళ్ళంతా ఎక్కడో విన్నారు. అందరిలోకీ ఈయనదే పెద్ద ఖాతా. అందరి డబ్బూ ఈయన ఖాతాలోకి చేర్చేస్తే ఒకేసారి తీసి పంచుకోవచ్చు కదా అనుకున్నారు. ఒక ఆటగాడు ఇంకొకడికి నేరుగా డబ్బు పంపే వీల్లేదు అక్కడ. అందుకని ఆ సైటులో ఒకే బల్ల దగ్గర చేరి అందరూ కావాలని ఈయనకి ఓడిపోవాలి. తెలుగువాడి బుర్ర మరి! ఒకడి చేతిలో పెట్టి నమ్మడం మనకి చీటీల దగ్గర్నుంచీ అలవాటే.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే పెట్టుకున్నారు. నేను చికెన్ పలావు చేశాను. తలా ఒక ఫోను పట్టుకుని హాల్లో కింద కూర్చున్నారు.

"అన్నా, నా చేతిలో రెండు ఆసులు, గెలిచే ముక్కలు. పడేస్తున్నా, తీస్కో."

"పడెయ్ పడెయ్, రెండు ఆసులు పారేసినోడివి నువ్వే ఫస్టు!"

ఒకటే నవ్వులు. జురాంగ్ అతను తన వంతు రాగానే ఒక్క క్షణం ఆగాడు. బొటనవేలు తెర మీదే ఉంది, నొక్కడంలేదు. "అన్నా, ఇది కాన్పు డబ్బు" అన్నాడు మెల్లిగా. మా ఆయన అతని భుజం తట్టి, "నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే కదరా" అన్నారు. నొక్కేశాడు.

"ఇదంతా సైటువాళ్ళు చూడరా?" అన్నాను నేను, వడ్డిస్తూ.

"అంత మంది ఆడతారు వదినా, మనల్నెవడు చూస్తాడు?" అన్నాడొకడు. అందరూ మళ్ళీ నవ్వారు.

చూశారు. ఆ వారంలోనే మెయిల్ వచ్చింది. ఆటగాళ్ళు కుమ్మక్కయి ఆడినందుకు ఈయన ఖాతా మూసేశారట, అందులో ఉన్నదంతా జప్తు చేశారట. ఇన్నాళ్ళూ మా డబ్బు ఎగ్గొట్టడానికి సాకు వెతుక్కుంటున్న వెధవలకి మేమే పళ్ళెంలో పెట్టి ఇచ్చాం. పోలీసులకి చెప్పుకుందామంటే ఇక్కడ అలాంటి సైటులో ఆడడమే నేరం. ఉన్న పాసులు కూడా పోతాయి.

ఈయన ఆ మెయిల్ అందరికీ పంపారు. మర్నాడు ఆఫీసులో వాళ్ళంతా ఈయన్ని భోజనానికి పిలవకుండానే వెళ్ళిపోయారట. జురాంగ్ అతనొక్కడే ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, మెయిల్‌దేముంది, ఎవడైనా టైప్ చేసుకోవచ్చు. నా యాప్‌లో నేను ఓడిపోయినట్టు, నువ్వు గెలిచినట్టే ఉంది."

"నీకు నేనంత లోకువైపోయానట్రా?" అని ఒంటికాలి మీద లేచారు ఈయన.

"డెలివరీ దగ్గర పడింది, అన్నా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

దాచడమెందుకు, నాకూ అనుమానం వచ్చింది. ఈయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి బ్యాంకు ఖాతా చూశాను. పైసా కూడా వచ్చి పడలేదు. అప్పుడు ఏడుపొచ్చింది, ఈయన మీద జాలితో కాదు, నేను కూడా చూడాల్సి వచ్చినందుకు.

ఫ్లాట్ కొందామని దాచిన డబ్బు నా పేరు మీద ఉంది. అందులోంచి ఆ జురాంగ్ మొగుడూపెళ్ళాల మొత్తం వాళ్ళకి పంపేశాను. ఈయనకి చెప్పే పంపాను, ఈయన తలెత్తకుండానే సరేనన్నారు. ఆ అమ్మాయికి ధైర్యం చెప్పాలని సెలవు పెట్టి జురాంగ్ వెస్ట్ వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూడగానే చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"డిపాజిట్ కట్టేశాం అక్కా. నీ మేలు మర్చిపోను. సైటు డబ్బు అన్న దగ్గరే ఉందని మా ఆయన అంటూనే ఉన్నారు, అక్క గట్టిగా అడిగితే ఇచ్చేస్తాడన్నారు. నేనే నీకు ఫోన్ చెయ్యడానికి మొహమాటపడ్డా."

నేను చేతులు విడిపించుకున్నాను. "పిచ్చిదానా, అది సైటుది కాదు, మా సొంత డబ్బు. ఫ్లాటు కోసం దాచుకున్నది."

"పోన్లే అక్కా, ఎక్కడిదని నేను అడగడంలేదుగా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీరిచ్చారు, అంతే చాలు. ఆయన కూడా మిగతావాళ్ళకి అదే చెప్పారు, అన్న మాది ఇచ్చేశాడని."

కాఫీ పెడతానంటే వద్దని వచ్చేశాను. రైల్లో ఈయనకి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. లిఫ్ట్ దిగి చూస్తే మా గేటు బయట మగవాళ్ళ చెప్పులు, బూట్లు. తలుపు తోసి లోపలికెళ్ళాను. ఈయన సోఫాలో మధ్యన కూర్చుని ఉన్నారు, అటూ ఇటూ మిగతావాళ్ళు. ఆరోజు "మనల్నెవడు చూస్తాడు" అన్నతనే లేచి నాకు కుర్చీ జరిపాడు.

"రండి వదినా" అన్నాడు చాలా మర్యాదగా. "మీకోసమే చూస్తున్నాం. వాళ్ళకి ఇచ్చేశారంట కదా."