మూడు దారుల దగ్గర ఆగిన కథ

2024 జనవరి 28, ఆదివారం. మా ఊరి శాఖా గ్రంథాలయం. మా ఊరు దాచేపల్లికీ నడికుడి స్టేషనుకూ మధ్యలో ఉంటుంది. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు గ్రంథాలయం గోడను రాసుకుంటూ పోతుంది. పొద్దున తుడిచిన పుస్తకం మీద సాయంత్రం వేలితో గీస్తే బూడిద రంగు దుమ్ములో గీత పడుతుంది.

నేను ముప్పై మూడేళ్లు లైబ్రేరియన్‌గా చేసి, 2016 జులై 31న రిటైరయ్యాను. ఆగస్టు 7 నుంచి అదే గ్రంథాలయంలో వారానికి రెండు రోజులు, ఆదివారం, బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు పిల్లలకు స్టోరీ అవర్ నడుపుతున్నాను. స్టోరీ అవర్ అంటే గంటసేపు కథ చెప్పి, ఆ కథ ఉన్న పుస్తకాన్ని పిల్లల చేతుల్లో పెట్టడం. ఊరికే చెప్పి పంపిస్తే సగం పనే అయినట్టు. నేను చెప్పేవి దేశదేశాల జానపద కథలు. వాటికొక రిజిస్టరు పెట్టాను. తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, పిల్లల సంఖ్య, కథ ఏ దేశానిది, పుస్తకం యాక్సెషన్ నంబరు ఎంత అని గడులు గీశాను. గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ వచ్చిన వరసలో వేసే అంకె యాక్సెషన్ నంబరు. ఆ ఆదివారానికి నా రిజిస్టరులో 418 కథలు, 52 దేశాలు ఉన్నాయి.

నాకొక పద్ధతి ఉండేది. ఐదు కొట్టగానే కథ ఎక్కడుంటే అక్కడ ఆపేసేదాన్ని. రాకుమారి బావిలో పడుతున్నా సరే, ఐదంటే ఐదే. మిగతాది వినడానికి పిల్లలు తప్పకుండా వస్తారు గదా అనుకునేదాన్ని. నిజంగానే వచ్చేవాళ్లు. ఆ ఉపాయం నాకే తట్టిందని కొంచెం గర్వం కూడా ఉండేది. కథ పూర్తయిన రోజున మాత్రం పిల్లలంతా ఒక్క గొంతుతో "కథ కంచికి, మనం ఇంటికి" అని అరిచి లేచేవాళ్లు. పూర్తికాని రోజున ఆ మాట అనకుండానే చెప్పులేసుకునేవాళ్లు.

ఆ రోజు పదిహేడు మంది వచ్చారు. రష్యా మంచు ప్రాంతపు కథ ఒకటి మొదలుపెట్టాను. చెల్లెలికి ఉప్పు లేని గంజి మింగుడుపడటం లేదని అన్న గుర్రబ్బండి కట్టుకుని ఉప్పు తేవడానికి బయలుదేరతాడు. తిరిగి వచ్చేటప్పుడు మంచు కురిసి బాట మూసుకుపోతుంది. మూడు దారులు కలిసే చోట బండి ఆపుతాడు. ఏ దారి ఇంటికి పోతుందో తెలియదు. అక్కడికి ఐదయింది. పుస్తకం మూసేశాను.

"అయ్యో మేడం, ఇంకొంచెం!" అని ముందు వరసలోంచి కెజియా అరిచింది.

కెజియాకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. నా కథలకు ఊ కొట్టేది ఆ పిల్లే. మిగతావాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారుగానీ ఊ కొట్టడం మరిచిపోతారు. ఎదురుగా ఒక్కరైనా ఊ కొట్టకపోతే నాకు కథ నడవదు.

"బుధవారం రావే. బండి యాడికీ పోదులే, అక్కడే ఉంటది," అన్నాను.

ఆ మాట నవ్వుతూ అన్నాను. రిజిస్టరులో 5-00 అని రాసి సంతకం పెట్టాను.

బుధవారం, 31వ తేదీ. నాలుగింటికి ఆరుగురే వచ్చారు. నాలుగూ పదికీ ఆరుగురే. కెజియా లేదు. వానా లేదు, పరీక్షలూ లేవు. ఊళ్లో జ్వరాలేమైనా ఉన్నాయా అని అడిగాను. చివరికి శ్రావణి అనే పిల్ల గొణిగింది.

"కెజియా వాళ్ల మామ తప్పిపోయాడంట మేడం. పగలు కథ విన్నందుకంట."

"ఎవరే చెప్పింది?"

"వాళ్ల అమ్మమ్మ. పగలు కథలు చెప్పుకుంటే మేనమామలు దారి తప్పుతారంట గదా. మా మామ కూడా ఆటో తోలతాడు మేడం. మా అమ్మ ఇయ్యాల పోమాక అనింది. నేను చెప్పకుండా వచ్చా."

ఈ మాట నేను ఎరగనిది కాదు. మా అమ్మ కూడా పొద్దు గూకితేగానీ కథ ఎత్తేది కాదు. పగలు కథ అడిగితే "మీ మామ దారి తప్పుతాడు, పోయి పని చూసుకో" అని కసిరేది. పనులున్న ఆడవాళ్లు పిల్లల్ని వదిలించుకోవడానికి అల్లిన మాట అని పెద్దయ్యాక నాకు నేనే తేల్చుకున్నాను. ఏడున్నరేళ్లుగా పట్టపగలు కథలు చెబుతూ ఒక్కసారైనా అది నాకు గుర్తు రాలేదు.

ఆ ఆరుగురికీ ధైర్యం చెబుదామని, దక్షిణాఫ్రికాలో కొందరు పగలు కథ చెబితే నెత్తి మీద కొమ్ములు మొలుస్తాయంటారని చెప్పాను. పిల్లలు పకపకా నవ్వి, ఒకరి తల ఒకరు తడిమి చూసుకున్నారు. శ్రావణి నవ్వలేదు.

"కొమ్ములైతే తడిమి చూసుకోవచ్చు మేడం. మామ యాడున్నాడో ఎట్టా చూసేది?"

ఆ రోజు కథ చెప్పకుండానే నాలుగున్నరకు పిల్లల్ని పంపించేశాను. రిజిస్టరులో మొదటిసారి ఒక వరస ఖాళీగా పోయింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. పుస్తకం సంచిలో వేసుకుని కెజియా వాళ్లింటికి బయలుదేరాను.

ఇల్లు చర్చి వెనక వీధిలో ఉంది. ఆ నెలంతా తల్లీ తండ్రీ మిరప కోతల మీద దుర్గి అవతల తోటల్లోనే ఉంటున్నారు. ఇంట్లో అమ్మమ్మ మరియమ్మ, మేనమామ యేసురత్నం, కెజియా. యేసురత్నం సిమెంటు లారీ డ్రైవరు. గురువారం 25న ఒడిశాకు లోడు ఎత్తుకెళ్లాడు. సోమవారానికి తిరిగి రావాలి. ఆదివారం నుంచి ఫోన్ స్విచ్చాఫ్. లారీ ఓనరు కూడా నాకేమీ తెలవదంటున్నాడు.

మరియమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"రండి మేడంగారూ. ఇంకా ఎవురి మామలు మిగిలారో చూసుకుందామని వచ్చారా?"

"మరియమ్మా, నేను పిల్లను చూడ్డానికి వచ్చా."

"చూడండి. ఆదివారం కాడినుంచి రెండు పూటలా తిన్నది లేదు. మీరు చదువుకున్నోళ్లు, మీకు మామలు లేరు గామాల. మాకు ఉండేది ఒక్కడే."

కెజియా గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. నాకు చేతనైంది లెక్కలు చూపించడమే కాబట్టి అదే చేశాను. మామ ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడాడని అడిగాను. ఆదివారం పొద్దున పది ఇరవైకి అంది. అమ్మమ్మ ఫోనులో అదే టైము కనిపించింది. పదిన్నరకు మళ్లీ చేస్తే స్విచ్చాఫ్ వచ్చిందట.

"చూశావా? కథ మొదలుపెట్టింది నాలుగింటికి. ఫోను ఆగిపోయింది పదిన్నరకు. కథకూ మామకూ సంబంధం ఏంది?"

కెజియా నా ముఖంలోకి సూటిగా చూసింది.

"ఫోన్ పోయింది పొద్దున మేడం. దారి తప్పింది సాయంత్రం."

"నీకెట్టా తెలుసే?"

"మీరే గదా బండిని మూడు దారుల కాడ ఆపారు. బుధవారం దాకా బండి యాడికీ పోదు, అక్కడే ఉంటది అన్నారు. కంచికి అనలేదు. మనం ఇంటికి అని కూడా అనలేదు. అనకపోతే మామ ఇంటికి ఎట్టా వస్తాడు?"

ఏడున్నరేళ్లుగా ఆ వాక్యం నాకు కథ అయిపోయిందని చెప్పే గంట. ఆ పిల్లకు అది మనుషుల్ని ఇంటికి చేర్చే మాట. నేను ఐదింటికి పుస్తకం మూసి వెళ్లిపోతే, ఆ పిల్ల మూడు రోజులుగా ఆ మంచులోనే, ఆ బండి పక్కనే నిలబడి ఉంది.

"సరే, కూర్చో. ఇప్పుడే పూర్తి చేస్తా," అని పుస్తకం తీశాను.

"ఆగండాగండి!" మరియమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "చేసింది చాలదా? పొద్దు గూకనీయండి."

టైము చూశాను. ఐదూ ముప్పై ఎనిమిది. సూర్యుడు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద ఒక బెత్తెడు పైన ఉన్నాడు. ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. రోడ్డు మీద లారీ శబ్దం అయినప్పుడల్లా కెజియా లేచి నిలబడేది, అది దాటిపోగానే కూర్చునేది. పదకొండు లారీలు వెళ్లాయి. ఏం చేస్తున్నానో తెలియకుండానే లెక్కపెట్టాను. ఒకవేళ ఆ మనిషికి జరగరానిదేదైనా జరిగి ఉంటే? రేపు ఆ కబురు వస్తే, ఈ కథ ముగించినందుకు ఈ పిల్ల నన్ను ఏమనుకోవాలి? లేచి వెళ్లిపోదామని రెండుసార్లు అనిపించింది. అప్పుడు కథ మళ్లీ సగంలోనే ఉండిపోతుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్టను తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను.

ఆరూ పదికి పొద్దు గూకింది. మరియమ్మ వీధి గుమ్మంలో లైటు వేసి, "ఇంక చెప్పండి," అంది.

మొదటినుంచి ఎత్తుకున్నాను. కెజియా ఊ కొట్టలేదు. ఉప్పు కొన్నప్పుడూ కొట్టలేదు, మంచు కురిసినప్పుడూ కొట్టలేదు. మూడు దారుల దగ్గరికి వచ్చాను. "ఏ దారో తెలియక అన్న చానాసేపు ఆలోచించాడు. ఆఖరికి కళ్లెం వదిలేశాడు," అన్నాను.

"ఊ" అని వినిపించింది. అన్నది కెజియా కాదు, మరియమ్మ.

"గుర్రానికి ఇల్లు తెలుసు. అది మంచులో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నడిచింది."

"ఊ." ఈసారి ఇద్దరూ అన్నారు.

గుర్రం గుమ్మం ముందు ఆగింది. చెల్లెలు గంజిలో ఉప్పు వేసుకుంది. నేను ఆగాను. ముగ్గురం కలిసి అన్నాం, "కథ కంచికి, మనం ఇంటికి." కెజియా ఆ చివరి మాటను రోడ్డు వైపు తిరిగి, కేకేసి అంది. అప్పుడు టైము ఆరూ నలభై ఒకటి. ఆ తర్వాత కంచంలో అన్నం పెట్టమని అమ్మమ్మను అడిగింది.

ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

మర్నాడు, గురువారం పొద్దున ఏడూ ఇరవైకి ఎవరిదో ఫోను నుంచి యేసురత్నం మాట్లాడాడు. దారి తప్పి ఒక అడవి రోడ్డులోకి పోయాడట. అక్కడ లారీ యాక్సిల్ విరిగింది. సిగ్నల్ లేదు, ఫోను అంతకుముందే చెడిపోయింది. అటుగా వచ్చిన కట్టెల లారీవాళ్లు బుధవారం రాత్రి అతన్ని దగ్గరి టౌనుకు చేర్చారు.

ఫిబ్రవరి 4, ఆదివారం. పంతొమ్మిది మంది పిల్లలు వచ్చారు. కెజియా మామ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. యేసురత్నం ముప్పై ఏళ్ల మనిషి, సిగ్గరి. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మా పిల్ల మిమ్మల్ని చానా తిప్పలు పెట్టిందంట గదా మేడం."

"దాని తప్పేం లేదు బాబూ. అసలు ఏమైంది?"

"ఏముంది మేడం, ఆదివారం రోడ్డు పని జరగతా ఉంటే డైవర్షన్ బోర్డు పెట్టారు. అది ఒరియాలో ఉంది. నాకు ముక్క రాదు. ఎడమకి తిప్పా. అదే నా తలరాత."

అదే ఆదివారం. నా చేతిలో పెన్ను ఉంది, ముందు రిజిస్టరు తెరిచి ఉంది. "ఎన్నింటికి తిప్పావు?" అనే ప్రశ్న నాలుక చివరికి వచ్చేసింది. జీవితమంతా నేను అడిగిన ప్రశ్న అదే. నాలుగింటి లోపు అని అతనంటే కెజియా భయం అక్కడితో తీరిపోతుంది. నాలుగు దాటాక అంటే, ఆ పిల్ల ఇంక ఏ కథా వినదు. అతని పక్కనుంచి అది నన్నే చూస్తోంది. ఆ ప్రశ్న దానికీ తెలుసు. దానికీ అడగాలని ఉంది, దానికీ భయంగా ఉంది.

పెన్నుకు మూత పెట్టాను.

"వచ్చావు గదా, అంతే చాలు. కూర్చో, నువ్వూ విను," అన్నాను.

"పగలే మేడం!" అని శ్రావణి అరిచింది.

కెజియా లేచి వెళ్లి గ్రంథాలయం నాలుగు కిటికీల రెక్కలూ మూసింది. తలుపు కూడా దగ్గరికి వేసింది. గదిలో మసక చీకటి కమ్మింది. లైటు స్విచ్ నొక్కి, మామ పక్కన వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు పొద్దు గూకింది. చెప్పండి."

అప్పటినుంచి మా స్టోరీ అవర్ అలాగే మొదలవుతోంది. ఐదింటికి ఆపే పద్ధతి మానేశాను. పెద్ద కథలైతే అసలు ఎత్తుకోను. ఒక్కోసారి ఐదూ పది, ఐదూ పావు అవుతుంది. ఇప్పటి లైబ్రేరియన్ తాళాలు గలగలమనిపిస్తుంది, నేను విననట్టు ఉంటాను. పిల్లల్ని ఒక దారిలోకి తీసుకెళ్లినవాళ్లు వాళ్లను అక్కడే వదిలేసి రాకూడదు. ఉద్యోగంలోనూ ఆ తర్వాతా కలిపి నలభై ఏళ్లలో నేర్చుకోనిది ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నాను. నలభై అని రాశాను, సరిగా లెక్కేస్తే రిటైరయ్యాక గడిచిన ఏడున్నర కలుపుకుని నలభై ఏళ్ల ఆరు నెలలు.

రిజిస్టరులో కొత్తగా ఒక గడి గీశాను. "కంచికి చేరినది" అని దాని పేరు. జనవరి 28 వరసకు వెనక్కి వెళ్లి, అందులో "జనవరి 31, సాయంత్రం 6-41, మరియమ్మ గారి అరుగు" అని రాశాను. మూడు రోజుల రెండు గంటల నలభై ఒక్క నిమిషాలు. నా రిజిస్టరులో నాకు అంత పొడుగ్గా అనిపించిన కథ ఇంకొకటి లేదు. యేసురత్నం ఇప్పుడు కూడా లారీ తోలుతూ మా గోడ పక్కనుంచే వెళతాడు, హారన్ కొడతాడు. ఆ హారన్ విన్న ప్రతిసారీ ఆ ప్రశ్న నా నోటిదాకా వస్తుంది. ఆ ఒక్క టైమును ఇంతవరకు అడగలేదు.