లేదన్న అల్మరా

మా చెల్లెలి కూతురిని ఇంట్లో అందరం డబ్బాలమ్మ అంటాం. నాలుగేళ్ళప్పుడు వంటింటి కింది అర ముందు చతికిలబడి ఒక్కో డబ్బా మూత తీసి చూసేది. “అందులో ఏముందే?” అని అడిగితే, “పంచదార. పంచదారలో చెంచా. చెంచాలో చీమ” అనేది. పైపైన చెప్పి ఊరుకునే రకం కాదు.

నలభై దాటినా అదే పని. ఒక పెద్ద ఆసుపత్రిలో ప్రోగ్రాములు రాస్తుంది. పరీక్ష కోసం రోగుల ఒంట్లోంచి తీసిన కండముక్కల్ని మైనంలో పోతపోసి దాస్తారు. ఒక్కోటీ వేలిగోరంత. వేలకు వేలు. ఏ ముక్క ఏ అరలో ఉందో చెప్పేది మా పిల్ల రాసిన ప్రోగ్రామే. కీబోర్డు ముట్టుకునే ముందు చేతి గడియారం తీసి పక్కన పెడుతుంది. కాఫీ చల్లారిపోయాక తాగుతుంది. పొగడ్త వింటే ముఖం గోడవైపు తిప్పుకుంటుంది.

పోయినేడు మా పక్కింటి టైలరమ్మ దగ్గర కొలతలిస్తూ తన పని గురించి చెప్పింది.

“ముందు ఒక ఉత్త క్లాసు రాస్తానక్కా. క్లాసంటే ఒక రకం వస్తువు ఎలా ఉండాలో కంప్యూటరుకి చెప్పే రాత. అందులో ఏ వస్తువూ పెట్టలేం. షరతులు మాత్రం ఉంటాయి. నేను సామాను పట్టేదాన్ని అని చెప్పుకునేది ఏదైనా సరే, లోపల ఎన్ని ఉన్నాయో చెప్పాలి, ఒక్కొక్కటీ తీసి చూపించాలి. పెట్టెకానీ, ట్రేకానీ దాని కింద పుట్టాల్సిందే. షరతు తప్పితే కంప్యూటరు దాన్ని తయారే కానివ్వదు.”

“ఒప్పుకున్నవాళ్ళకి ఏమిస్తావేం?”

“ఆస్తి! ఫలానాది నీలో ఉందా అని అడిగితే, లోపలి పెట్టెల్ని కూడా తెరిచి వెతికే విద్య. అది నేనొక్కసారే రాసి ఆ ఉత్త క్లాసులో పెట్టాను. దాని పిల్లలందరికీ ఊరికే వస్తుంది.”

టైలరమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసింది. “అయితే మా కాగితం నమూనా లాంటిదే. దాన్ని పెట్టి వంద జాకెట్లు కత్తిరిస్తాం. దాన్నెవరూ తొడుక్కోరు.”

“అబ్బ! ఇది మా కొత్తవాళ్ళకి ఎక్కించడానికి నాకు వారం పట్టింది.”

“గుండుసూదులతో చెప్పాల్సింది.”

ఈ ఏడు ఆ టైలరమ్మకే మెడ మీద గడ్డ లేచింది. చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఆ కోతకే మూడు వారాలు గొంతు పెగల్లేదు. వీధి చివరిదాకా వినబడే మనిషి పలక మీద రాసి చూపించింది. ఇంక మాట వచ్చిందనుకునేసరికి, అదే ముక్క మీద రెండో పరీక్ష చేస్తే తప్ప మందులు చాలుతాయో, పెద్ద కోత కావాలో తేల్చలేమన్నారు డాక్టరు. మా పిల్ల పనిచేసే ఆసుపత్రే. తోడుగా నేను వెళ్ళాను.

కౌంటరు దగ్గరున్న అమ్మాయి నంబరు కొట్టి చూసింది. “లేదండీ. ముక్క ఎక్కడా కనబడట్లేదు. రేపు పొద్దున్నే మళ్ళీ తీయాలి.”

టైలరమ్మ చేయి మెడ మీదికి పోయింది. నేను ఆమెని మూడో అంతస్తుకి, మా పిల్ల గదికి తీసుకెళ్ళాను.

గడియారం తీసి పెట్టింది. నంబరు కొట్టింది. లేదు. మళ్ళీ కొట్టింది. లేదు. కింద ముక్కలు దాచే గది చూసుకునే పెద్దాయనకి ఫోను చేస్తే ఆయాసపడుతూ వచ్చాడు.

“నా చేత్తో పెట్టానమ్మా. పోయిన నెల కొత్త తిరుగుడు అల్మరా వచ్చినప్పుడు అన్నీ అందులోకి మార్చాం కదా.”

“ఎక్కడ పెట్టావో గుర్తుందా బాబాయ్?”

“ఎనిమిది వేల ముక్కలు! నా మనవలా, పేరుపేరునా గుర్తుండడానికి? చేతికొచ్చినట్టు సర్దెయ్, ఏది ఎక్కడుందో మిషను చూసుకుంటుందన్నది మీరే. ఇప్పుడు చేత్తో వెతకమంటే నాలుగు రోజులు.” అని తెరమీదికి వంగి చూశాడు. “ఇదేంటి, అల్మరాలో నలభై అని వేసింది? నలభై ట్రేలమ్మా! ఒక్కోదాంట్లో రెండొందలు సర్ది నా నడుం పడిపోయింది. అవి లెక్కలోకి రావా?”

మా పిల్ల చేయి గాలిలో ఆగిపోయింది. గబగబా ఏదో పేజీ తెరిచి, ఒక వరుస మీద వేలు పెట్టింది.

“అమ్మినవాళ్ళు అల్మరాతోపాటే దాని ప్రోగ్రాము కూడా ఇచ్చారు మామయ్యా. అది నా నమూనా కింద పుట్టింది కాదు. ఇలాంటివాటికి ఒక అడ్డదారి ఉంది, పేరు నమోదు చేసెయ్యడం. వీడు మావాడే అని రాసేస్తే కంప్యూటరు ఇంకేమీ అడగదు, నమ్మేస్తుంది. చుట్టరికం వస్తుంది కానీ ఆస్తి రాదు. లోపలికి తెరిచి చూసే విద్య దానికి అందలేదు. ముక్క ఉందా అంటే ఒక్కో ట్రేనీ తీసి, నువ్వేనా ఆ ముక్క అని అడిగింది. కాదంది ట్రే. నలభైసార్లు కాదనిపించుకుని, లేదని చెప్పేసింది.”

“ఎవరమ్మా ఆ నమోదు చేసిన మహానుభావుడు?” అన్నాడు పెద్దాయన.

“నేనే బాబాయ్.” తలెత్తి టైలరమ్మని చూసింది. “సాయంత్రంలోగా అల్మరా పని మొదలవ్వాలని తొందరపెట్టారు. నేనే రాశానక్కా. తప్పు నాదే.”

టైలరమ్మ బొంగురు గొంతుతో, “కొలత తీసుకోకుండా, మనిషిని చూసి సరిపోతుందిలే అని కత్తిరించేశావన్నమాట. నేనూ చేశాను. పెళ్ళికూతురి జాకెట్టు,” అంది. “కుట్లు విప్పి మళ్ళీ కుట్టు. ఏడవకు, తెర తడుస్తుంది.”

మా పిల్ల ఆ వరుస కొట్టేసింది. నమూనా కింద సక్రమంగా పుట్టే క్లాసు ఒకటి రాసి, అమ్మినవాళ్ళ అల్మరా ప్రోగ్రాముని దాని లోపల పెట్టింది. పన్నెండు వరుసలు కూడా లేవు. నంబరు కొట్టింది.

ట్రే పదిహేడు, గడి తొంభై ఒకటి.

పెద్దాయన నడుం నొప్పి మర్చిపోయి మెట్లు దిగాడు. తిరిగొచ్చేదాకా ముగ్గురం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. అరచేతిలో పెట్టుకొచ్చాడు. చిన్న మైనపు బిళ్ళ, అంచున ఆమె నంబరు.

“ఇంతేనా?” అంది టైలరమ్మ. “గుండీ అంత లేదు.” అని అప్పుడు ఏడ్చింది.

మా పిల్ల మాత్రం లేవలేదు. ఆ నెలరోజుల్లో లేదనిపించుకున్న నంబర్లన్నీ మళ్ళీ వెతికింది. ఇంకో ఇద్దరివి దొరికాయి. ఇంకా కోతకి పిలవలేదు వాళ్ళని. ఇద్దరికీ తనే ఫోను చేసి, తప్పు తనదని చెప్పాక గడియారం పెట్టుకుంది.

ఐదు రోజులకి పరీక్ష ఫలితం వచ్చింది. కోత అక్కర్లేదు, మాత్రలు చాలు. నెల తిరిగేసరికి గోడ అవతలినుంచి పాత గొంతు పూర్తిగా వచ్చేసింది. నిన్న నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే పేజీ ముందుకి సాగితే ఒట్టు. గోడ అవతల టైలరమ్మ మా పిల్లకి కొలతలు తీస్తోంది.

“కుడి భుజం కిందికి దిగింది. వంగి వంగి కూర్చుంటే దిగదూ? కదలకు! ఈసారి పూర్తిగా కొలిచే కత్తిరిస్తాను, నీలాగా కాదు.”

పుస్తకం మూసి వింటూ కూర్చున్నాను.