సీడీలకెక్కిన ఏడుపు

ఏలూరులో మా చిన్న సాంస్కృతిక కేంద్రానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో, అది కాస్తో కూస్తో వాడడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ గీర కూడా నాకు తక్కువేమీ కాదు. కొల్లేటి లంకల్లో సేకరించిన పాటల క్యాసెట్లను సీడీలకెక్కించి భద్రపరిచే పద్ధతి రాయమంటే, పెద్ద పండితురాలిలా రాసిపెట్టాను. వరదొచ్చినా పోకుండా ఒక ప్రతి ఏలూరులో, ఇంకొకటి తాడేపల్లిగూడెంలో. ఏది ఎవరు వినొచ్చన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు. పాటన్నాక అందరూ వినడానికే కదా అనుకున్నాను.

ప్రారంభోత్సవానికి మాకు పాటలు పాడిపెట్టిన ఒకావిడను లంక నుంచి పిలిచాం. శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టాం. అతిథులు కారప్పూస తింటుండగా ఆవిడ గొంతే పెట్టాను. మొదట పడవ పాట. అది ఆవిడ భర్త పాడే పాటట. టేపులో ఆవిడ పాడుతూ పాడుతూ, చేపల వేటకు వెళ్ళి మునిగిపోయిన ఆయన్ని తలుచుకుని రాగాలు పెట్టి ఏడవడం మొదలెట్టింది. టేపు ఆపాలని రికార్డు చేసినవాళ్ళకు తట్టలేదు. నేనైతే చివరిదాకా వినకుండానే దాన్ని జానపద గీతాల్లో వేసేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన "ఏం గొంతండీ!" అంటూ మళ్ళీ వేయమన్నాడు.

ఆవిడ శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"మేడంగారండీ, అది పాట కాదండీ. ఆపేయండీ."

ఆపాను. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోవడం అంటే మాటవరసకు అనేది కాదని ఆ రోజే తెలిసింది.

పక్క గదిలోకి తీసుకెళ్ళి, తప్పైపోయిందమ్మా అన్నాను.

"పాట ఉంచుకోండి. ఏడుపు తీసేయండి, చాలండి."

ఆవిడ చూస్తుండగానే ఆ ఏడుపు ముక్కను కంప్యూటర్లోంచి తీసేసి, ఇక్కడున్న సీడీని విరిచేశాను. తాడేపల్లిగూడెంలో ఉన్నది కూడా తెప్పించి విరిచేస్తానని చెప్పాను. ఆవిడ ముఖం తేలికపడింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి, వెళ్ళిపోతున్నవాళ్ళ చేతుల్లో అవే పాటలున్న సీడీలు కనిపించాయి. వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి పంచమన్నది నేనే. గణపవరం వాళ్ళు, నల్లజర్ల వాళ్ళు, జంగారెడ్డిగూడెం వాళ్ళు పొద్దుటినుంచీ పట్టుకెళ్తూనే ఉన్నారు.

చెప్పకుండా ఊరుకుందామా అనిపించింది. ఆవిడ ముఖం చూసి ఊరుకోలేక చెప్పేశాను.

"వాళ్ళనడిగి వెనక్కి తెప్పించలేరాండీ?"

"ఎవరెవరు పట్టుకెళ్ళారో మాకు తెలీదమ్మా."

ఆవిడ శాలువా తీసి, మడిచి బల్లమీద పెట్టింది. కోపమైనా లేదు. ఉంటే బాగుండేది.

"అయితే ఇంక ఏ ఊళ్ళో, ఎవరింట్లో ఏడుస్తున్నానో నాకే తెలీదన్నమాటండీ," అంది.