నాయన కారుకు కరెంటు పంకా

మొన్న మా చెల్లెలి కూతురు తన కొత్త కారులో నన్ను ఎక్కించుకుని గద్వాల బజారుకు తీసుకుపోయింది. ఎండ మండిపోతోందని ఇంజన్ ఆపకుండా, నన్ను చల్లగాలిలో కూర్చోబెట్టి తను మందుల దుకాణంలోకి వెళ్ళింది. ఒక్కదాన్నే కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తుంటే బానెట్ కింద బుస్సుమని పంకా తిరగడం మొదలైంది, కాసేపటికి దానంతట అదే ఆగిపోయింది. అంతే, నాకు వీపు బిగుసుకుపోయింది. ఎదురుగా వెలుగుతున్న గడియారాల్లాంటి వాటిలో వేడి చూపించే సూది ఎక్కడుందా అని కళ్ళు వెతకసాగాయి. పిల్ల తిరిగొచ్చి, "ఏంది పెద్దమ్మా, గట్ల సూస్తున్నవు?" అంటే ఏం లేదన్నాను. ఏమని చెప్పను? ఆ చప్పుడు వినడం కోసం, ఆ సూది దిగడం కోసం ఒకప్పుడు ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్న మనిషినని చెబితే ఆ పిల్ల నవ్వుతుంది.

మా నాయనకు ఒక పాత తెల్ల అంబాసిడర్ ఉండేది. విత్తన పత్తి బాగా పండిన ఏడు ఎవరి దగ్గరో కొన్నాడు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఊళ్ళో కారు ఉందంటే అది ఒక ఇంటిది కాదు, ఊరందరిదీ. పెళ్ళికొడుకును తేవాలన్నా, పాము కరిచినవాణ్ణి దవాఖానకు చేర్చాలన్నా నాయన పంచె ఎగగట్టి తానే నడుపుకుంటూ పోయేవాడు, ఇంకొకరిని స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి మూత్రపిండాలు రెండూ చెడిపోయి, వారానికి రెండుసార్లు కర్నూలు పోయి మిషను మీద రక్తం కడిగించుకుంటే తప్ప బతకడని తేలింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గద్వాలలో అలాంటి మిషను లేదు, చుట్టుపక్కల ఎక్కడా లేదు. కొన్నాళ్ళు బస్సులో తిప్పాము. కాళ్ళు వాచి, ఆయాసం పెరిగి బస్సు మెట్లు ఎక్కలేని స్థితి వచ్చాక కారు తీయక తప్పలేదు. కొడుకులు లేని ఇల్లు మాది. చెల్లెలు దూరాన అత్తగారింట్లో ఉంది. డ్రైవర్లు ఒక వారం వస్తే రెండో వారం రారు. చివరికి మా ఆయన మార్కెట్ యార్డు పక్క మైదానంలో నాకు కారు నేర్పాడు. నేను మొదటిసారి స్టీరింగు ముందు కూర్చున్న రోజు నాయన నా పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో అమ్మ పక్కన ఒదిగి కూర్చుని దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఇక్కడ మా ఆయన గురించి కొంచెం చెప్పాలి. ఆయన మా అమ్మకు అన్న కొడుకు, నాకు మేనబావ. పెళ్ళైన కొత్తలోనే తన వంతుకు వచ్చిన చేను అమ్మి, గద్వాలలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం పెట్టాడు. భూమి అమ్మిన మనిషంటే నాయనకు గిట్టదు. చేను అమ్ముకుని తీగలు చుట్టుకునేవాడని ఒకసారి ముఖం మీదే అన్నాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఒకే గదిలో ఉన్నా, చెప్పవలసింది నాతో చెప్పేవాడు. మా ఆయన కూడా నాతోనే బదులు చెప్పేవాడు. మధ్యన నేనొక టెలిఫోను తీగలాగా ఉండేదాన్ని.

కారు రేడియేటరు పాతబడి సగం పూడిపోయింది. దాని ఇనుప పంకా బెల్టుతో తిరుగుతుంది కనుక ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. అప్పట్లో పెద్దరోడ్డు వెడల్పు చేస్తూ ఎక్కడికక్కడ బండ్లు ఆపేసేవారు. ఆగిన ప్రతిచోటా నీళ్ళు మరిగేవి. ఒకసారి తుంగభద్ర వంతెన ముందర ఆవిరి చిమ్ముకుంటూ ఆగిపోయాము, దవాఖానకు చేరేసరికి నాయన పెదవులు నల్లబడ్డాయి. ఆ రాత్రే మా ఆయన, ఇంజన్‌తో పనిలేకుండా బ్యాటరీతో తిరిగే కరెంటు పంకా బిగిస్తానని నాతో అన్నాడు. నేను పోయి నాయనతో అన్నాను. పుట్టినప్పటి నుంచి దానికి ఉన్న పంకా చాలు, నా బండి విప్పొద్దని చెప్పమన్నాడు. అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చి, "పంకా కావాల్నా, మనిషి కావాల్నా? నువ్వు విప్పురా అల్లుడా, నేను జవాబు చెప్త" అంది. అమ్మ మాట మీద ఇక ఆ ఇంట్లో మాట లేదు.

కర్నూలు పాత సామాన్ల బజారు నుంచి, గుద్దుకుని పాడైన ఏదో చిన్న కారుకు ఉన్న పంకాను మా ఆయన తెచ్చాడు. పాత ఇనుప రెక్కలు విప్పి పక్కన పెట్టి, రేడియేటరుకు ఇంజన్‌కు మధ్య ఉన్న ఇరుకు జాగాలో కొత్తదాన్ని ఇనుప పట్టీలతో బిగించాడు. పాత తీగలకు రంగులు మాసిపోయి ఏది ఏదో తెలియకపోయినా ఓపికగా అతికి, స్టీరింగు కింద నా చేతికి అందేలా ఒక స్విచ్ పెట్టాడు. వాకిట్లో ఇంజన్ నడిపి, సూది పైకి ఎక్కేదాకా ఆగి స్విచ్ వేస్తే సూది మెల్లగా కిందికి దిగింది. అమ్మ దండం పెట్టుకుంది. వసారాలో మంచం మీదున్న నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకసారి వేశాక ఏది ఏమైనా ఆ స్విచ్ ఆపవద్దని మా ఆయన నాకు గట్టిగా చెప్పాడు.

మరునాడు ఆయన వీపనగండ్ల వైపు ఒక రైతు బోరులోంచి కాలిన మోటారు పైకి తీయడానికి పోవాల్సి వచ్చింది. నేను, అమ్మ, వెనక నాయన, ముగ్గురమే బయలుదేరాము. అంతకు రెండు రోజుల కిందట పోవాల్సిన వంతు తప్పిపోయి ఉండడంతో నాయనకు ఒంట్లో నీరు పట్టి, కూర్చున్నా ఆయాసంగా ఉంది. ఎర్రవల్లి చౌరస్తా దాకా సూది కదల్లేదు. పెద్దరోడ్డు ఎక్కి వేగం పెంచిన కాసేపటికి ఎక్కడం మొదలుపెట్టింది. స్విచ్ వేశాను. దిగాల్సిన సూది ఇంకా ఎక్కింది. వేగం పెంచితే గాలి తగిలి చల్లబడుతుందని పెంచాను, ఇంకా ఎక్కింది. స్విచ్ వేసే ఉందా అని చేత్తో తడుముతూ, చెవితో పంకా చప్పుడు వింటూ, కంటితో ఆ సూదినే చూస్తూ, అలంపూర్ చౌరస్తా ఇంకా రాకముందే బానెట్ అంచుల నుంచి తెల్లటి ఆవిరి రావడంతో బండిని పక్కకు తీశాను.

చుట్టూ కోసేసిన చేన్లు, ఒక తుమ్మచెట్టు పల్చటి నీడ. నాయనకు గాలి ఆడడానికి తలుపులు తెరిచాము. ఒక బస్సు వస్తే అమ్మ రోడ్డు మీదికి పోయి చెయ్యి ఊపింది. ఆగింది గానీ, మెట్ల దాకా జనం. నిలబడలేని మనిషిని ఎక్కించి ఏం చేస్తాము? లారీలు ఆగలేదు. ఇంజన్ చల్లబడేదాకా ఆగి, తడిగుడ్డ చుట్టి రేడియేటరు మూత తీసి, కారులో తెచ్చుకున్న నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాను. రోజుకు గొంతు తడిసేటన్ని నీళ్ళే తాగాలని నాయనకు డాక్టర్లు కట్టడి చేసి ఉన్నారు. తెరిచిన తలుపులోంచి ఆ నీళ్ళ ధారను కన్నార్పకుండా చూస్తూ, ఊపిరి కూడదీసుకుని అన్నాడు:

"దానికి క్యాన్లకు క్యాన్లు పోస్తుర్రు. నాకు గొంతు తడుపుకోనీకి లెక్కలాయె."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సగం నీళ్ళు కింద పోశాను. ఆయన ఊపిరిలో గురగుర వినిపిస్తోంది. మళ్ళీ బయలుదేరినా మళ్ళీ మరుగుతుంది, ఇక పోయడానికి నీళ్ళు లేవు. సెల్‌ఫోనులో మా ఆయనకు మళ్ళీ మళ్ళీ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఇంజన్ ఆపేసినా పంకా మాత్రం తిరుగుతూనే ఉంది, ఆపవద్దన్నాడు కదా అని.

బండి ముందర నిలబడి నుదుటి చెమట తుడుచుకుంటున్న అమ్మ ఉన్నట్టుండి నన్ను పిలిచింది.

"బిడ్డా, జర ఇటు రా. నా కొంగు సూడు, నా మీదికే ఎగుర్తుంది. రేడియేటర్‌కు తగలాల్సిన గాలి లోపలికి పోవాలె గదా, నా మొకానికెందుకు కొడ్తుంది?"

చెయ్యి పెట్టి చూశాను. బండి ముందరి ఇనుప జాలీలోంచి వేడిగాలి బయటికి తన్నుకొస్తోంది. అప్పుడే ఫోను మోగింది, మా ఆయన. అమ్మ చెప్పింది చెప్పాను. అవతల బోరు దగ్గర మనుషుల కేకలు వినిపిస్తున్నాయి.

"ఉల్టా తిరుగుతుంది," అన్నాడు. "నిన్న నిలవెట్టి సూస్తే సూది దిగింది గదాని నమ్మిన. బండి ఉరికేటప్పుడు ఎదురుగాలి లోపలికొస్తది, పంకా బయటికి కొడ్తది, రెండు కొట్లాడుకుంటున్నయి. స్విచ్ బంద్ చెయ్. పంకా కాడ రెండు తీగలుంటయి, దానికిది దీనికది కట్టు. మామ ఎట్లున్నడు?"

"మంచిగ లేడు బావా," అన్నాను.

పైన చుట్టిన టేపును గోళ్ళతో ఊడదీసి, తీగలు మార్చి మెలిపెట్టి, మళ్ళీ టేపు చుట్టేసరికి ఇంజన్ ఇనుము తగిలి నా మణికట్టు కాలింది. ఆ నొప్పి సాయంత్రం దాకా తెలియలేదు. స్విచ్ వేశాను. అమ్మ కొంగు జాలీకి అతుక్కుపోయింది. ఆమె దాన్ని లాక్కుని, పోయి నాయన పక్కన కూర్చుని ఆయన తలను భుజానికి ఆనించుకుంది. మళ్ళీ కర్నూలు వైపు బండి తీశాను. సూది సగానికి వచ్చి నిలిచింది. వంతెన ముందర బండ్లు బారులు తీరి ఆగిపోయినప్పుడు కూడా అక్కడే నిలిచింది.

దవాఖానలో మా వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. నాయన స్థితి చూసిన నర్సమ్మ, కొంచెం నిలకడగా ఉన్న వేరే రోగిని అడిగి ఒప్పించి, ముందు ఈయనను మిషను మీదికి ఎక్కించింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు.

పొద్దు వాలేవేళకు మా ఆయన వచ్చాడు. బోరు పని సగంలో వదిలి, దొరికిన లారీ ఎక్కి, చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆ ముఖం చూస్తే, ఎవరన్నా ఒక్క మాట అంటే ఏడ్చేలా ఉన్నాడు. నాయన ఊపిరి అప్పటికి తేలికపడింది. తల తిప్పి చూశాడు. ఎప్పటిలాగా నాతో చెబుతాడనుకుని నేను ముందుకు వంగాను. నన్ను దాటి సూటిగా ఆయన వైపే చూస్తూ అన్నాడు:

"గాలి ఎటు కొట్టాల్నో ఇప్పుడన్నా తెల్సిందా?"

"తెల్సింది మామా."

"నిలవడ్డవేంది మరి. గా స్టూలు గుంజుకొని కూసో."

ఆ తర్వాత మరో రెండు వర్షాకాలాలు చూశాడు నాయన. వారానికి రెండుసార్లు ఆ దారిలో పోతూనే ఉన్నాము. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు గానీ, ఆయన వెనక సీటు వదిలి ముందుకు వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. గేరు మార్చడం దగ్గర తప్పులు పట్టేవాడు. అలా తప్పులు పడుతూ పడుతూనే, పెళ్ళికి ముందు ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా నాతో ఎన్నడూ చెప్పని సంగతులన్నీ చెప్పాడు. చిన్నప్పుడు కరువులో జొన్నరొట్టె కోసం వాళ్ళమ్మతో పోట్లాడిన సంగతి, నేను పుట్టినప్పుడు ఆడపిల్లని విని చేనుకు పోయి సాయంత్రం దాకా ఇంటికి రాని సంగతి. అది చెప్పి చాలాసేపు కిటికీలోంచి చూసి, "తప్పు చేసిన" అన్నాడు. నేను రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. తిప్పి ఉంటే ఆయన చెప్పడం, నేను వినడం రెండూ ఆగిపోయేవి.

ఇప్పుడు గద్వాలలోనే ఆ మిషన్లు వచ్చాయి. రోగులు ఆటోలో పోయి, పని ముగించుకుని, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తున్నారు. ఎంత మంచి రోజులు. మేము పడ్డ ఆ యాతన పగవాడికి కూడా వద్దు, నిజంగానే వద్దు. కానీ ఇంట్లో అందరికీ తలుపు మూసుకునే గదులు వచ్చి, చేతుల్లోకి ఫోన్లు వచ్చి, ఎవరి దారి వాళ్ళదైపోయిన ఈ రోజుల్లో, ఒక తండ్రీ ఒక కూతురూ ముఖాలు చూసుకోకుండా, ఎక్కడికీ లేచి పోలేకుండా, అంతంత సేపు పక్కపక్కన ఎక్కడ కూర్చుంటారు? కర్నూలు అంత దూరం లేకుండా ఉంటే మా నాయన ఎవరో నాకు తెలియకుండానే పోయేవాడేమో.