పేలని తూటాల పండితుడు

మా బెథెల్ ఫోర్క్‌లో పిస్తోలు లేని మగవాణ్ని చూడాలంటే శ్మశానానికి వెళ్ళాలి. అక్కడ కూడా ఒకరిద్దరి మీద నాకు అనుమానమే. మిస్సోరీ కొండల్లో ఇదేమంత వింత కాదు. చొక్కా కింద, బూటులో, బైబిలు సంచిలో, ఎవరి వీలు వారిది. దొంగతనమంటే మాకు గుర్తున్నది ఒక్కటే. కాలిన్స్ వాళ్ళ గుమ్మడికాయ ఎవరో ఎత్తుకుపోయారు. అయినా ఊరంతా సర్వసన్నద్ధం.

పిస్తోలు పెట్టుకోవడం వేరు, దాని గురించి మాట్లాడడం వేరు. రెండోదాంట్లో వెర్లిన్ స్టకీకి సాటి వచ్చేవాడు మా చుట్టుపక్కల లేడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఇళ్ళు వెచ్చబెట్టుకునే గ్యాసు ఇంటింటికీ పోసే లారీ తోలాడు. చలికాలంలో అతని లారీ చప్పుడు వినబడితే ముసలమ్మలు వాకిట్లోకి వచ్చి దండం పెట్టినంత పని చేసేవారు. రిటైరైన మర్నాటి నుంచి అతని కోసం ఎదురుచూసేది వాళ్ళ కుక్క ఒక్కటే. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది పిస్తోలు.

అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ప్యాంటు ముందు జేబులో, పిప్పరమెంటు బిళ్ళల పక్కన ఉండేది. పొద్దున్నే కాఫీ హోటల్లో వెర్లిన్ మొదలుపెట్టేవాడు.

"చూడండీ, చిన్న పిస్తోలుకి గొట్టం పొట్టి. గొట్టం పొట్టిదైతే తూటాకి వేగం రాదు. వేగం లేకపోతే బోలు మొన తూటా తగిలినా విచ్చుకోదు. పైగా దాని మూతి వెడల్పు. లోపలికి ఎక్కేటప్పుడే ఇరుక్కుని చస్తుంది. అందుకని తూటా ఎంచుకోవడమంటే పెళ్ళాన్ని ఎంచుకోవడం లాంటిది."

"పెళ్ళాన్నయితే ఒక్కసారే ఎంచుకున్నావు కదరా. తూటాల్ని నెలకోసారి మారుస్తున్నావు" అనేవాడు డోయల్ హెన్స్లీ. ఊళ్ళో తుపాకుల కొట్టు అతనిదే. ఎగతాళి చేస్తూనే కొత్త డబ్బా అమ్మేవాడు.

పరీక్షలు కూడా జరిగేవి. వెర్లిన్ పెరట్లో మనిషి ఒంటికి బదులు జెల్లీ దిమ్మ పోసి, దానికి పాత జీన్సు గుడ్డ నాలుగు మడతలు చుట్టి కాల్చేవాడు. తరవాత దిమ్మ కోసి, తూటా ఎంత విచ్చుకుందో కొలిచేవాడు. ఒకసారి భార్య ఆర్డిత్ చర్చి విందు కోసం దాచుకున్న జెల్లీ పొడి అంతా అలాగే ఖర్చయిపోయింది.

"ఏమయ్యా, నా జీన్సు ఏదీ?" అనడిగింది ఆ సాయంత్రం.

"దాన్ని చీల్చుకుని కూడా పద్నాలుగు అంగుళాలు దిగింది ఆర్డిత్!" అన్నాడు వెర్లిన్, మనవడు పుట్టినంత సంబరంగా.

ఈ పాండిత్యం చూసే మా పాస్టరు లిండెల్‌గారు చర్చికి రక్షణ దళం పెట్టి, దానికి వెర్లిన్‌ను నాయకుణ్ని చేశారు. శత్రువును ప్రేమించమని చెప్పేటప్పుడు కూడా పాస్టరుగారి కోటు కుడివైపు కాస్త బరువుగా వేలాడుతూ ఉండేది.

జూన్‌లో చర్చి పచ్చికలో ఆదివారం భోజనాలు. వేయించిన చేపలు, ఆవపిండి కలిపిన గుడ్లు, బంగాళదుంపల సలాడు, పీచ్ పళ్ళ మీద పిండి పరిచి కాల్చిన కాబ్లరు. అందరూ పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉండగా పొదల్లోంచి ఒక స్కంకు వచ్చింది. ఆ జంతువు మామూలుగా చీకటిపడితే గాని బయటికి రాదు. ఎదురుపడితే తోకెత్తి వారం రోజులు వదలని కంపు కొడుతుంది. ఇది మాత్రం పట్టపగలు, తాగినవాడిలా తూలుతూ, నోట్లోంచి చొంగ కారుస్తూ, నేరుగా బల్లల వైపు నడిచింది.

"పిచ్చి పట్టింది దానికి!" అని ఎవరో అరిచారు.

"అందరూ వెనక్కి జరగండి! నేను చూసుకుంటా!" అన్నాడు వెర్లిన్. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన క్షణం. జేబులో చెయ్యి పెట్టాడు. ముందు పిప్పరమెంటు బిళ్ళ వచ్చింది. తరవాత పిస్తోలు వచ్చింది. కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులా గురిపెట్టి నొక్కాడు.

టిక్.

పై భాగాన్ని వెనక్కి లాగి ఆ తూటాను పారేసి, మళ్ళీ నొక్కాడు. టిక్. మళ్ళీ లాగాడు. టిక్. నాయకుడి అవస్థ చూసి దళం రంగంలోకి దిగింది. ఏడుగురు మగవాళ్ళు గుండ్రంగా నిలబడి పిస్తోళ్ళు తీశారు. పాస్టరుగారిది తూటా సగం ఎక్కి బిగుసుకుపోయింది. ఒకాయనది బెల్టులో చిక్కుకుని ప్యాంటుతో సహా పైకి వచ్చింది. ఇంకొకాయన తూటాల అర జారి బంగాళదుంపల్లో పడింది. పేలినది ఒక్కటే. అది నిమ్మరసం డబ్బాకు తగిలింది.

ఈ గొడవలో ఆర్డిత్ ఐసుముక్కల తొట్టి ఎత్తి, ఐసంతా పచ్చికలో కుమ్మరించి, తొట్టిని స్కంకు మీద బోర్లించి దాని మీద కూర్చుంది. తొట్టి దిగేలోపు అది ఆమె మణికట్టు గీరింది. తొట్టి కిందనుంచి వచ్చిన కంపుకి చర్చి గంట కూడా ముక్కు మూసుకునేదే, ముక్కుంటే.

"పిస్తోళ్ళు లోపల పెట్టండి నాయనా, గుడ్ల మీద ఈగలు ముసురుతున్నాయి. ఎవరైనా షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి" అంది, తొట్టి మీంచి లేవకుండా.

వెర్లిన్ ఆ వారమంతా తూటాల కంపెనీని తిట్టాడు. చివరికి ఆ తూటాలన్నీ పట్టుకుని డోయల్ కొట్టుకి వెళ్ళాడు. డోయల్ ఒకదాన్ని వేలితో రుద్ది వాసన చూశాడు.

"నూనె రాస్తావా వీటికి?"

"రోజూ రాత్రి. తుప్పు పట్టకూడదు కదా."

డోయల్ పట్టకారుతో తూటా మొన ఊడబెరికాడు. లోపలి మందు ఇసుకలా జారాల్సింది, ముద్దగా ఊడిపడింది. నూనె తూటా అడుగున నిప్పురవ్వ పుట్టించే మందులోకి కూడా ఇంకిపోయింది. ఇక నిప్పు ఎక్కడినుంచి పుడుతుంది?

"ఏరా, ఇవి తూటాలా, నూనె డబ్బాలో సార్డీన్ చేపలా? వీటిలో ఒక్కటైనా కాల్చి చూశావా?"

"డబ్బాలోంచి తీసిన కొత్తవి కాల్చాను. జేబులోవి... అవి జేబులోవి కదా."

"అయితే?"

"అవి కాల్చడానికి కాదు, డోయల్. దగ్గర ఉంచుకోవడానికి."

చెప్పాక ఆ మాట తన చెవిన తనకే పడింది. మొహం ఎర్రబడి, తూటాలు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాడు. కాఫీ హోటలుకి రావడం మానేశాడు. మొదట్లో హాయిగానే అనిపించింది గాని, కొన్నాళ్ళకు మా బల్ల దగ్గర మాట్లాడుకోవడానికి వాన తప్ప ఏమీ మిగల్లేదు.

స్కంకుకు నిజంగానే పిచ్చి ఉందని పరీక్షలో తేలింది. ఆర్డిత్‌కు సూదులు వేయించాలి. కౌంటీ ఆసుపత్రికి ప్రతిసారీ వెర్లినే ట్రక్కులో తీసుకెళ్ళేవాడు. చివరి సూది రోజున అడిగాడు.

"ఆర్డిత్, ఆ రోజు నీకు భయం వెయ్యలేదూ?"

"ఎందుకెయ్యదు? వణికిపోయాను."

"మరి స్కంకు మీదికి అలా ఎలా వెళ్ళావు?"

"స్కంకుకెవరు భయపడ్డారయ్యా? అది ఒక్కటి. మీరు ఏడుగురు. గుండ్రంగా నిలబడి ఒకళ్ళకొకళ్ళు గురిపెట్టుకున్నారు. మధ్యలో నేను. ప్రభువా, వీళ్ళవేవీ పేలకుండా చూడు తండ్రీ అని మొక్కుకున్నాను. ఒక్కటి తప్ప అన్నీ విన్నాడు."

వెర్లిన్ ట్రక్కు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద తల ఆన్చాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని ఆర్డిత్ వీపు నిమిరింది. తల ఎత్తితే నవ్వు. కళ్ళనిండా నీళ్ళు కూడా ఉన్నాయి.

"అయితే నా నూనె వల్లే నువ్వు బతికావంటావు!"

"ఎక్కువ ఎగరకు. బండి పోనియ్."

మర్నాడు హోటలుకి వచ్చి ఈ కథంతా తనే చెప్పాడు, డోయల్ ముందే, సార్డీన్ల మాటతో సహా. పాస్టరుగారు నవ్వలేక, నవ్వకుండా ఉండలేక కాఫీలోకి చూస్తూ కూర్చున్నారు. రక్షణ దళం నాయకత్వం వెర్లిన్ వదులుకున్నాడు. ఆర్డిత్‌ను తీసుకోమంటే, ఆదివారాలు తనకి వంట ఉందని చెప్పింది.

పిస్తోలు మానాడా అంటే మానలేదు. ఇప్పుడు జేబులోని తూటాల్నే డోయల్ కొట్టు వెనక గోతిలో కాల్చేసి, కొత్తవి పెట్టుకుంటాడు. చర్చి భోజనాల రోజున మాత్రం దాన్ని ఇంట్లో వదిలి, ఏప్రాను కట్టుకుని ఆర్డిత్ పక్కన నిలబడి వడ్డిస్తాడు. గుడ్లలో ఆవపిండి ఎంత పడాలో మాత్రం అడక్కండి. మొదలుపెట్టాడంటే వరస కదలదు.