వాగు వంతెన మీది రాయమ్మ

అత్త మోకాళ్ళకు రాద్దామని పొద్దున ఆముదం గోరువెచ్చగా కాచాను. ఆ జిడ్డు వాసన ముక్కుకు తగలగానే నేను ఈ సిమెంటు ఇంట్లో లేను; రాజుపాలెం దగ్గర మా ఊరి వాగు మీది రాతి వంతెన పైన, ఎండకు కాలిన ఏనుగు బొమ్మ వీపు మీద, పావడా కిందికి మడుచుకుని కూర్చుని ఉన్నాను.

ఆ వంతెన ఎవరు కట్టించారని అడిగితే ఊళ్ళో ఒక్కొక్క ముసలాయన ఒక్కొక్క రాజు పేరు చెప్పేవాడు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, పైన మనిషి కంటే పొడుగైన బండలు పరిచారు. ప్రొద్దుటూరుకు పత్తి మోసే ఎద్దుల బండ్లన్నీ దాని మీదే పోయి పోయి, బండల్లో చక్రాల గాడులు పడ్డాయి. స్తంభాల మీద చేపలు, మొసలి, కుస్తీ పట్టే జెట్టీలు, ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోయే కోతులు. ఎండాకాలం వాగు ఎండితే ఇసుకలో చెలమలు తోడుకుని, బొరుగులూ బెల్లమూ నములుతూ ఏ కోతి ఎవరిదో పంచుకునేవాళ్ళం. ఉగాదినాడు తియ్యటి ఓళిగ తుంచి జెట్టీల మూతులకు పూసేవాళ్ళం, చీమలు పడితే వాళ్ళకు మీసాలు వచ్చాయని నవ్వుకునేవాళ్ళం.

అవతలి గట్టు చివర, అన్నిటికంటే ఎత్తు స్తంభం మీద రాయమ్మ ఉండేది. నొప్పులు పడుతున్న ఆడమనిషి. మోకాళ్ళు కాస్త వంచి నిలబడి, రెండు చేతులూ ఇద్దరు ఆడవాళ్ళ భుజాల మీద వేసి ఉంటుంది. బిడ్డ తల మాత్రం బయటికి కనబడుతుంది. నెలలు నిండినవాళ్ళంతా ఆముదం పూసి పూసి ఆ రాయి ఒక్కటే నల్లగా నిగనిగలాడేది.

అత్త, అంటే మా నాన్న చెల్లెలు, తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చిన ఏడు తుపాను పట్టుకుంది. నొప్పులు మొదలయ్యేసరికి వాగు వంతెన మీదుగా పారుతోంది. మంత్రసాని బీబమ్మది అవతలి ఊరు. స్తంభం మీది చేప కన్ను మునిగితే ఎవరూ వంతెన ఎక్కకూడదని కట్టుబాటు. ఆ సాయంత్రం చేపే కనబడలేదు. అత్తకు రోజులు దగ్గరపడ్డాయని తెలుసు కాబట్టి, పిలవకుండానే బీబమ్మ అవతలి గట్టుకు వచ్చి నిలబడింది. ఇవతల నాన్న, వాళ్ళమ్మ మా జేజి, జేజి కొంగు పట్టుకుని నేను.

"ఓ బీబమ్మా! శానాసేపయింది, బిడ్డ దిగడంల్యా!" అని జేజి అరిచింది.

బీబమ్మ ఏదో అరిచింది. వాగు హోరులో ఒక్క ముక్క వినబడలేదు. నాన్న పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగబోతే జేజి జుట్టు పట్టి వెనక్కి లాగింది.

"యాడికి పోతాండావురా? ఇద్దరి కోసం ఏడ్చే ఓపిక నాకు లేదు!"

అప్పుడు బీబమ్మ గొడుగు పారేసి రాయమ్మ స్తంభాన్ని అరచేత్తో టపటపా కొట్టింది. పక్కనున్న ఆడవాళ్ళ భుజాలు చూపింది, రాయమ్మ కాళ్ళు చూపింది, తన రెండు చేతులూ పైకెత్తింది.

"పండబెట్టొద్దంటాంది! నిలబెట్టల్లంట!" అంటూ జేజి ఇంటికి పరుగు తీసింది.

అమ్మ ఒక పక్క, జేజి ఒక పక్క పట్టుకుంటే అత్త నిలబడి కనింది. తను బతికింది. మగబిడ్డ. ఏడవలేదు. వాగు ఉధృతి తగ్గాక బీబమ్మ వచ్చింది గానీ, అత్త పొట్టకు ఆముదం రాస్తూ కూర్చోవడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ తర్వాత అత్తకు మళ్ళీ కడుపు పండలేదు. అయినా ఏటా గిన్నెతో ఆముదం తీసుకుని రాయమ్మ దగ్గరికి పోయేది. నీకింకా ఎందుకత్తా అని ఒకసారి అడిగాను.

"నాదయిపాయె మే. ఈమెదే ఇంగా కాలేదు. ఎప్పటినుంచి నిలబడుకోనుండాదో, పాపం."

మొన్న రోడ్డు వెడల్పు చేసి, ఎర్రగుంట్ల సిమెంటు లారీలు పోయేందుకు కొత్త వంతెన వేస్తున్నారని విని పోయాను. జేసీబీ పాత వంతెనను తోడేస్తోంది. నడిపే అబ్బాయిని బతిమాలాను.

"ఆ రాయమ్మ రాయొక్కటి ఇయ్యప్పా."

"యాడ పెట్టుకుంటావమ్మా, వంటింట్లోనా? బొమ్మల రాళ్ళన్నీ నిన్ననే కొత్త రోడ్డు కట్ట కింద పూడిపోయినాయి. ఏది యాడుందో నాకేం తెలుసు? ఈడ నిలబడొద్దు, మట్టి జారుతాది." అంటూనే తన సీసా తీసి నాకు మంచినీళ్ళు ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

ఇప్పుడు అక్కడ ఏనుగు లేదు, కోతులు లేవు, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పే చేప లేదు. అత్తకు నిన్న చెప్పాను. ఇందాక మోకాలికి ఆముదం రాస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"కట్ట కింద ఉండాదంటివే. పండబెట్టినారా, నిలబెట్టినారా?"

గిన్నెలో ఆముదం చల్లారిపోయింది. అత్త ఇంకా నా ముఖం వైపే చూస్తోంది.