నొప్పి చూపించడానికి పోయిన పరుగు

డాక్టరు దగ్గరికి ఎవరైనా ఆటోలో పోతారు, లేదా నడిచిపోతారు. మా ఆయన ఉరుక్కుంటూ పోయాడు. అదీ కాలినొప్పి చూపించుకోవడానికి!

మేముండేది ఆబిడ్స్‌లో ఒక గల్లీలో, కిరాయి ఇంట్లో. దవాఖాన నాంపల్లి స్టేషన్‌కు ఈవల. నేను ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి ఎదురుచూస్తున్నాను. ఈయన చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు. కుంటుతున్నాడు కూడా.

"ఏందయ్యా ఇది? ఆటోలు బంద్ అయినయా?" అన్నాను.

"కూసుంటే నొప్పి రాదే. ఉరికితేనే వస్తది. నొప్పి లేకుండ పోతే డాక్టర్‌కు ఏం చూపియ్యాలె?"

మెకానిక్ దగ్గరికి తీసుకుపోగానే బండిలో చప్పుడు ఆగిపోతుంది చూడండి, అదీ ఆయన ఫికరు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఎక్స్‌రే, స్కానింగ్ అయ్యాక చెప్పాడు. "కాలెముకలో సన్నటి చీలిక వచ్చిందండీ. ఇలాగే పరిగెత్తారంటే పూర్తిగా విరిగిపోతుంది. అప్పుడు ఆపరేషనే. రెండు నెలలు పరుగన్న మాట ఎత్తకండి."

"జర మెల్లగ ఉరుకుత సార్. దినం తప్పి దినం."

డాక్టరు ఆయన్ని వదిలేసి నా వైపు చూశాడు. "అమ్మా, మీరు చూసుకోండి" అన్నాడు.

ఏం చూసుకోను? షుగర్ వచ్చేలా ఉందంటే పబ్లిక్ గార్డెన్స్‌లో నడక మొదలుపెట్టిన మనిషి. అక్కడొక పరుగు గుంపులో కలిశాడు. పొట్ట తగ్గింది, మొహం తేటపడింది. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. తర్వాతే తెలిసింది. జ్వరమొచ్చినా పరుగే, వానొచ్చినా పరుగే. మా తమ్ముడి పెళ్ళిలో ఈయన పరుగు ముగించుకుని వచ్చేసరికి తలంబ్రాలు అయిపోయాయి. అడిగితే, "ఒక్క దినం తప్పితే అంతా పోతది" అనేవాడు. ఏం పోతుందో మాత్రం చెప్పేవాడు కాదు.

పరుగు ఆగాక ఇంట్లో మనిషి మనిషిలా లేడు. చాయ్ చల్లగుందని చిరాకు, ఫ్యాన్ చప్పుడని చిరాకు. పొద్దున్నే లేచి కిటికీ పట్టుకుని నిలబడేవాడు.

ఒక ఆదివారం గుంపులోని వాళ్ళు ముగ్గురు పలకరించడానికి వచ్చారు. వీళ్ళైనా నాలుగు మంచిమాటలు చెబుతారనుకున్నాను. చాయ్ తాగుతూ ఒకాయన, "కాలుకు టేప్ గట్టిగ సుట్టుకోని ఉరుకు అన్నా. నేను గట్లనే నడిపిస్తున్న" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మీకు నొప్పున్నదని మీ ఇంట్ల ఎర్కేనా?" అని అడిగాను.

ఆయన తల దించుకున్నాడు. మిగతా ఇద్దరూ దించుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకాయన చెయ్యి మెల్లగా మోకాలి మీదికి పోయింది. గబగబా చాయ్ తాగేసి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున మెలకువొస్తే పక్కన మనిషి లేడు. గుమ్మం దగ్గర బూట్లూ లేవు. ఉన్న చీరతోనే దిగి, ఆటో పట్టుకుని పబ్లిక్ గార్డెన్స్‌కు పోయాను. దారి పొడవునా తిట్లన్నీ సిద్ధం చేసుకున్నాను.

పరుగెత్తుతున్నాడు. ఒక కాలు ఈడుస్తూ, పళ్ళు బిగబట్టి. "ఆగు!" అని అరిచాను. నన్ను చూశాడు. చూసి కూడా నా ముందు నుంచే పోయాడు. కొంత దూరం పోయాక గానీ ఆగలేదు. అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

"నన్ను సూసి గూడ ఆగవా?"

"ఆగుదామనే అనుకున్ననే" అన్నాడు. ఊపిరి అందడం లేదు. కళ్ళలో నీళ్ళు. "నాతోని అయితలేదు."

నేను సిద్ధం చేసుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. అంతవరకూ అది ఆయన ఇష్టమనుకున్నాను, మొండితనమనుకున్నాను. పక్కన కూర్చుని వీపు నిమిరాను. భయమేసింది, కాలు గురించి కాదు, ఆయన గురించి.

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు:

"ఇయ్యాల్టిసంది రాత్రిపూట తలుపుకు తాళమెయ్యి."

"ఏస్త."

"తాళంచెవి యాడ వెట్టినవో నాకు చెప్పకు. నేను బతిమిలాడినా చెప్పకు."